గోరువెచ్చని నీళ్ళు

నా కడుపులో ఏముందన్న విషయం మీద ఆ నాలుగు నెలలూ ఎవరి సిద్ధాంతం వాళ్ళకుండేది. మా అత్తయ్య లెక్కలో అది వేడి. మా ఆయన లెక్కలో చిక్కడపల్లి సందు చివర అమ్మే మిర్చి బజ్జీ. పక్క ఫ్లాటు ఆవిడ దిష్టి అంది, ఎర్రనీళ్ళు తీయించమంది. మొదట చూసిన డాక్టరు గ్యాస్ అన్నాడు. నాకైతే రోజుకొకటి తోచేది, ఏదీ నిలిచేది కాదు.

ఇప్పుడు ఒళ్ళు కుదుటపడింది. కూర్చుని స్థిమితంగా అన్నం తినగలుగుతున్నాను. అందుకే రాస్తున్నాను. కొంత నా కోసం, కొంత పిల్లల్ని బడికి పంపే అమ్మానాన్నల కోసం. ఎక్కువభాగం మాత్రం నాలాగా అన్నీ తెలుసుననుకునే టీచర్ల కోసం. ఇది నా జబ్బు కథే అయినా, ఇందులో ఎక్కువ నష్టపోబోయింది నేను కాదు. నాలుగో తరగతి చదివే శ్రావణి అనే పిల్ల. నా మాట పట్టుకుని వాళ్ళమ్మ ఆ పిల్లని బడి మాన్పించేసింది.

నా పేరు సరళ. చిక్కడపల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో నాలుగు, ఐదు తరగతులకి సైన్సు చెబుతాను. ఇల్లు అశోక్ నగర్‌లో. మా మామగారి తండ్రి గుంటూరు వైపు నుంచి సర్కారు కొలువు మీద ఇక్కడికొచ్చి స్థిరపడ్డారట. అత్తయ్య ఇప్పటికీ ఇక్కడి నీళ్ళకి రుచి లేదనే అంటుంది, యాభై ఏళ్ళుగా ఇవే తాగుతూ.

పోయినేడు వానాకాలంలో మా పిల్లల్లో సగంమందికి కడుపునొప్పులు. అప్పుడు హెడ్ మేడంతో కూర్చుని నేనొక పథకం వేశాను. వంటషెడ్డులో పెద్ద గుండిగ పెట్టి ఆయా యాదమ్మ పొద్దున్నే నీళ్ళు కాస్తుంది. పదిన్నర ఇంటర్వెల్‌కి పిల్లలు వరసలో నిలబడి సీసాలు నింపుకుంటారు. టీచర్లం కూడా అవే తాగుతాం. చార్టు మీద బొమ్మలేయించాను, పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించాను. ‘మా బడిలో కాచిన నీళ్ళే’ అని గేటు మీద రాయించాను. ఆ అక్షరాల ముందు నిలబడి ఫొటో కూడా దిగాను, ఏం దాచను.

జూన్ చివర

బడులు తెరిచి రెండు వారాలైంది. ఐదో తరగతిలో పాఠం చెబుతుంటే కడుపులో గుడగుడమని పెద్ద చప్పుడైంది. వెనక బెంచీ నుంచి కిసుక్కుమన్నారు. నేనూ నవ్వేశాను. ఆ సాయంత్రం నుంచి మూడు రోజులు విరేచనాలు. నాలుగో రోజుకి తగ్గాయి. హమ్మయ్య అనుకున్నాను. వారం తిరిగేసరికి మళ్ళీ మొదలు.

పూర్తిగా జబ్బు అందామంటే జ్వరం లేదు. మంచం పట్టలేదు. పోనీ బాగున్నాననుకుందామంటే ముద్ద మింగగానే పొట్ట డోలులా ఉబ్బేది. కుళ్ళిన గుడ్డు వాసనతో తేనుపులు. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఈ సిగ్గుతోనే నేను నెలన్నర పోగొట్టుకున్నాను. స్టాఫ్ రూంలో ఎవరైనా పక్కన కూర్చుంటే లేచి కిటికీ దగ్గరికి పోయేదాన్ని.

“వేడి చేసిందే నీకు,” అంది అత్తయ్య. “మెంతులు మజ్జిగలో నానేసి తాగు. ఆ బడిలో అరిచి అరిచి ఒంట్లో వేడి పెరిగిపోయింది.”

తాగాను. సబ్జా గింజలు తాగాను. సగ్గుబియ్యం జావ తాగాను. ఎవరేది చెబితే అది తాగాను. బడిలో సీసాడు నీళ్ళు కూడా తాగేదాన్ని, విరేచనాలకి నీళ్ళు తాగాలి కదా అని. ఇంటిపక్క క్లినిక్కులో డాక్టరు తల పైకెత్తకుండానే గ్యాస్ మాత్రలు రాసిచ్చాడు. వాటితో రెండు రోజులు బాగున్నట్టుండేది. ఆ రెండు రోజులే నన్ను అయోమయంలో పడేసేవి. తగ్గుతోందా, పెరుగుతోందా? లేక ఇదంతా నేను ఊహించుకుంటున్నానా?

బోనాల నెల

జాకెట్లు వదులయ్యాయి. చీర కుచ్చిళ్ళలో రెండు మడతలు ఎక్కువ పెట్టాల్సి వచ్చేది. విచిత్రమేమిటంటే బడిలో అందరూ మెచ్చుకోవడం మొదలుపెట్టారు.

“మేడం, మస్తు సన్నబడ్డరు! ఏం డైట్ చేస్తున్నరు?” అని అడిగింది తెలుగు టీచరు.

ఏమని చెప్పను? నవ్వి ఊరుకున్నాను. బాత్రూంలోకి పోయి అద్దంలో మొహం చూసుకుంటే భయమేసింది. మా పిన్ని ఇలాగే చిక్కిపోయి ఆరు నెలల్లో పోయింది. ఆ జబ్బు పేరు నేను ఇంట్లో ఎవరి ముందూ ఎత్తలేదు. ఎత్తితే అది నిజమవుతుందేమోనని పిచ్చి భయం. సైన్సు టీచర్ని, నాకు అలాంటి భయాలుండకూడదు. ఉన్నాయి.

మా ఆయన రఘురాం ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తారు. ఆయనకి ప్రతిదానికీ ఒక కారణం, ఒక బాధ్యుడు ఉండాలి.

“నువ్వు బయట తింటున్నావు సరళా. చెప్పవంతే.”

“నేను బజ్జీ తిని ఎన్నాళ్ళైందో మీకు తెలుసా?”

“మరి ఊరికే వస్తుందా?”

“రాకూడదనే నేనూ అంటున్నాను. వచ్చింది. ఏం చేయమంటారు?”

ఇద్దరం అరుచుకున్నాం. ఆ తరవాత రెండు రోజులు అత్తయ్య మా ఇద్దరి మధ్య రాయబారం నడిపింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా ఆవిడ ద్వారానే అడుగుతున్నాడు మనిషి. ఆయనకీ భయంగానే ఉందని, ఆ భయమే కోపంగా బయటికొస్తోందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ రోజుల్లోనే శ్రావణి తరగతిలో నిద్రపోవడం మొదలుపెట్టింది. ముందు బెంచీ పిల్ల. ప్రశ్న పూర్తికాకముందే చెయ్యెత్తే పిల్ల. అలాంటిది బల్ల మీద తల వాల్చేసేది. వారానికి రెండు రోజులు రాదు. వస్తే కడుపు పట్టుకుని కూర్చుంటుంది. వాళ్ళది మహబూబ్‌నగర్ వైపు. అమ్మ బాలమణి, నాన్న ఇద్దరూ బిల్డింగు పనులకి పోతారు. అశోక్ నగర్ మురుగు నాలా వెనక బస్తీలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటారు.

నా కడుపులో ఏముందో నాకు తెలియదు గానీ ఆ పిల్ల కడుపులో ఏముందో మాత్రం నాకు వెంటనే తెలిసిపోయింది. బస్తీ నీళ్ళు. ఇంకేముంటుంది? నాలా పక్కన ఇల్లు, వానాకాలం. ఒకరోజు బడి వదిలాక గేటు దగ్గర బాలమణిని ఆపాను. చుట్టూ పిల్లల కోసం వచ్చిన తల్లులు చాలామందే ఉన్నారు.

“ఇంట్లో నీళ్ళు కాచి ఇస్తున్నావా అమ్మా?”

“ఇస్తున్న మేడం.”

“రోజూనా?”

“ఒక్కొక్కపారి తీరదు. పొద్దుగాలనే పనికి పోవాలె గద.”

“అదే మరి! బడిలో మేం కాచిన నీళ్ళే ఇస్తున్నాం. గేటు మీద రాశాం చూడు. మరి పిల్లకి ఇంకెక్కడి నుంచి వస్తుంది?”

“అంటే మా ఇంటి నీళ్ళేనా మేడం?”

“మరింకేవి?” అన్నాను గట్టిగా, అందరికీ వినపడాలనే. ఒకళ్ళకి చెబితే పదిమందికి పాఠమవుతుంది కదా అని నా లెక్క. బాలమణి కొంగు భుజం మీదికి లాక్కుని పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడకి సిమెంటు పనితో వేళ్ళన్నీ పగిలి ఉన్నాయని ఆ రోజే చూశాను. చూసి కూడా నా ధోరణి నాదే.

శ్రావణం

వరలక్ష్మీ వ్రతం నాడు పీట మీంచి లేస్తూ కళ్ళు తిరిగి పడ్డాను. అప్పుడు మా ఆయన వాదించడం మానేసి ఆటో పిలిచారు. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఒక పెద్దావిడ డాక్టరు ఉన్నారని ఆఫీసులో ఎవరో చెప్పారట.

అక్కడ వెయిటింగ్ హాల్లో రెండు గంటలు కూర్చున్నాం. పైనేమో ఫ్యాను తిరుగుతోంది, కిందేమో అందరి గొడుగుల నీళ్ళు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో పాత రిపోర్టులు. నా పక్కన కాలేజీ హాస్టల్ పిల్ల ఒకతి ఒంటరిగా కూర్చుని ఉంది. నేను పొట్ట పట్టుకోవడం చూసి, అడక్కుండానే తన వంతు నాకిచ్చి నా వెనక నిలబడింది. పేరడిగే ఓపిక కూడా నాకు లేకపోయింది. ఆ పిల్లకి మేలు జరగాలి.

డాక్టరు గారు అన్నీ విని మలపరీక్ష రాశారు, అదీ మూడు రోజులు వరసగా. ఒక్కరోజు చూస్తే దొరక్కపోవచ్చట. మూడు రోజులు నేను హ్యాండ్‌బ్యాగులో చిన్న డబ్బా పెట్టుకుని ఆటోలో నారాయణగూడ వెళ్ళాను. మొదటిరోజు సిగ్నల్ దగ్గర బ్రేకు పడ్డప్పుడల్లా బ్యాగుని ఒళ్ళో పట్టుకుని దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. ల్యాబులో కౌంటరు దగ్గర పదిమంది నిలబడి ఉన్నారు. డబ్బా తీయాలంటే ప్రాణం పోయింది. లోపలున్న అమ్మాయి కనిపెట్టినట్టుంది, ఒక పాత పేపరు ముక్క నా వైపు తోసింది.

“దీంట్ల సుట్టి ఇయ్యి అక్కా. సిగ్గేంది, మాకు రోజూ ఇదే పని,” అని నవ్వింది.

అంతమాత్రానికే నాకు ఏడుపొచ్చింది. అన్నాళ్ళకి నన్ను చూసి కారణాలు చెప్పని మనిషి ఆ అమ్మాయే.

మూడో రోజు శాంపిల్లో దొరికింది. డాక్టరు గారు రిపోర్టు నా వైపు తిప్పారు.

“పేగుల్లో చేరే పరాన్నజీవమ్మా ఇది. కంటికి కనపడదు. ఎక్కువగా నీళ్ళ ద్వారానే వస్తుంది. భయపడకండి, మందుంది.”

పిన్ని జబ్బు కాదు. అది విని ఎగిరి గంతెయ్యాల్సినదాన్ని, పౌరుషానికి పోయాను.

“నీళ్ళ ద్వారానా? నేను కాచిన నీళ్ళు తప్ప తాగను డాక్టర్ గారూ. మా బడి పిల్లలందరి చేతా తాగిస్తున్నదే నేను.”

“ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళూ కాచిన నీళ్ళే తాగుతామంటారమ్మా,” అన్నారావిడ, రాస్తున్న కాగితం మీంచి చూపు ఎత్తకుండా. “మీ బడిలో పిల్లలకేమైనా ఇలా ఉందా?”

“కొందరికి ఉంది. కానీ వాళ్ళకి పురుగుల మాత్ర వేశారు కదండీ, ఏటా వేస్తారు.”

“అది నులిపురుగులకి. దీనికి సరిపోదు. వాళ్ళనీ పరీక్ష చేయించమనండి. మీరూ నీళ్ళ సంగతి ఇంకోసారి చూసుకోండి.”

బయటికొచ్చాక మా ఆయన “చూశావా, బయటి తిండే” అనలేదు. అది ఆయన ఆ ఏడాదిలో నాకు చేసిన పెద్ద ఉపకారం. నేను మాత్రం దారిపొడుగునా అదే అయోమయం. కాచిన నీళ్ళలో పురుగెలా బతుకుతుంది? నేనే కదా పాఠం చెప్పేది, మరిగితే చస్తాయని? అయితే పాఠం తప్పా? రిపోర్టు తప్పా? చేతులు కడుక్కోలేదా? కూరగాయలా? బస్తీ పిల్లల నోట్‌బుక్కులు ముట్టుకున్నానా? ఈ చివరి ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవడం కష్టంగా ఉంది, అయినా రాస్తున్నాను.

మాత్రలకి నోరంతా ఇనప ముక్క చప్పరించినట్టు చేదు. పది రోజులు సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను. మా ఆయన పొద్దున్నే పెసరకట్టు కాచిపెట్టి ఆఫీసుకి వెళ్ళేవారు. దానిలో ఉప్పు ఒకరోజు రెండుసార్లు పడేది, ఒకరోజు అసలు పడేది కాదు. రెండూ తాగాను. పొట్ట తగ్గింది. ఆకలి వేసింది. ఆకలి అంత మంచి సంగతని అన్నాళ్ళూ తెలియలేదు.

వినాయక చవితి తరవాత

బడికి వచ్చేసరికి శ్రావణి చోటు ఖాళీ.

“ఊరికి తోలిండ్రు టీచర్,” అన్నాడు పక్క బెంచీ పిల్లాడు. “ఈడి నీళ్ళు పడ్తలేవంట. ఆడనే అమ్మమ్మ దగ్గరుంటదంట.”

పోనీలే, పిల్ల కోలుకుంటుంది అనుకున్నాను. నా మాట విన్నారు కదా అని కాస్త గర్వం కూడా కలిగింది.

పదకొండో రోజు, అదే ఐదో తరగతిలో, అదే గుడగుడ. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బాగున్నాను. బడికొచ్చి పది రోజులు తిరిగేసరికి మళ్ళీ మొదలైంది. బల్ల మీద నా సీసా ఉంది. దానివంకే చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, పిల్లలు “టీచర్, టీచర్” అని పిలిచారు.

ప్రతిరోజూ ఎనిమిదిన్నరకి నేను వంటషెడ్డులోకి తొంగిచూసేదాన్ని. గుండిగలో నీళ్ళు తెర్లుతూ ఉండేవి. తృప్తిగా క్లాసుకి వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం క్లాసుని పక్క టీచరుకి అప్పజెప్పి పదింబావుకి వెళ్ళాను. యాదమ్మ బడి నేలకింది సంపు కుళాయి దగ్గర ఎర్ర బకెట్ నింపుకుని వచ్చి గుండిగలో గుమ్మరించింది. ఇంకో బకెట్ తెచ్చి అదీ పోసింది. తరవాత చూపుడువేలు ముంచి చూసి తల ఊపింది.

“యాదమ్మా! ఏం చేస్తున్నావ్?”

“నీళ్ళు మేడం. గంట కొట్టే యాల్లయింది గద.”

“అందులో చన్నీళ్ళు ఎందుకు పోశావ్?”

ఆమె నన్ను వింతగా చూసింది.

“పొయ్యకుంటే పోరగాళ్ళ నోళ్ళు కాలవా? మీరే గద చెప్పిన్రు, గోరువెచ్చగుండాలె, ఏలు పెట్టి సూస్తే సుర్రుమనొద్దు అని.”

చెప్పాను. అక్షరాలా అదే చెప్పాను. పోయినేడు ఇదే షెడ్డులో నిలబడి, నా వేలు ముంచి చూపించి మరీ చెప్పాను. ఈ పద్ధతి నాకెవరూ నేర్పలేదు, నేర్పాల్సిన పనేముంది? పొద్దున్నే అత్తయ్య నాకిచ్చే గ్లాసూ ఇంతే. సగం మరిగినవి, సగం కుళాయివి, కాస్త తేనె. మా అమ్మా అంతే ఇచ్చేది. కాచిన నీళ్ళంటే మా ఇళ్ళల్లో గోరువెచ్చని నీళ్ళు. మరగబెట్టిన పుణ్యమంతా చివర్లో ఒక్క చెంబు పచ్చినీళ్ళతో కొట్టుకుపోతుందని సైన్సు చదివిన నాకు ఒక్కరోజూ తట్టలేదు.

“మరి మీ ఇంట్లో కూడా ఇలాగేనా యాదమ్మా?”

“ఇంట్లనా? రాత్రి కాసి మూత పెడ్త. తెల్లారేసరికి సల్లారుతయ్. ఇంట్ల ఏం తొందర మేడం? ఈడ గంటయితే ఆగరు గద!”

ముందు యాదమ్మ మీద కోపమొచ్చింది. ఆ కోపం నిమిషం కూడా నిలబడలేదు, నిలబడటానికి దానికి చోటేదీ? ఆ రోజు గుండిగ నీళ్ళన్నీ పారబోయించాను. పిల్లలు సీసాలు పట్టుకుని వచ్చి, ఖాళీ గుండిగ చూసి, నన్ను చూసి, ఏమీ అర్థంకాక వెనక్కి వెళ్ళారు.

మర్నాడు సంపు మూత ఎత్తించాం. ప్లంబరు లోపలికి చూసి ముక్కు మూసుకున్నాడు. పక్కనుంచే పోయే డ్రైనేజీ గొట్టం పగిలి వాన పడినప్పుడల్లా లోపలికి ఊరుతోందట. నీళ్ళు పరీక్షకి పంపితే తాగడానికి పనికిరావని వచ్చింది.

“సంపు బాగుచేయిద్దాం. ఇకనుంచి చల్లార్చే ఇద్దాం,” అన్నారు హెడ్ మేడం. ఆవిడ చెడ్డమనిషి కాదు, బడి నడవాలి పాపం. “కానీ అందరికీ చెప్పుకోవాలా సరళా? గేటు మీద అంత పెద్దగా రాసుకున్నాం. పిల్లల్ని తీసేస్తారు. జరిగిందేదో జరిగిపోయింది.”

నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఇంటికెళ్ళి అత్తయ్య మీద పడ్డాను. రేపటినుంచి నీళ్ళు మరిగించి, మూతపెట్టి, వాటంతట అవి చల్లారాకే తాగాలి, కలపడాలు లేవు అని.

“ఇన్నేళ్ళుగా మీ నోట్లో పోసిన నీళ్ళు విషమంటావా?” అందావిడ. కళ్ళల్లో నీళ్ళు. “నా కొడుకు పెరిగింది వాటితోనే.”

మా కుళాయి బాగుండబట్టి సరిపోయింది, బడి సంపు బాగోలేదు, అంతే తేడా అని చెప్పబోయాను. నా మాట నాకే సర్దిచెప్పుకున్నట్టు వినిపించింది. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఈసారి రాయబారం మా ఆయన వంతైంది.

దసరా సెలవులకి ముందు

రెండోసారి మందులు వాడుతున్నాను. నోట్లో మళ్ళీ ఆ చేదు. బడి ఆఫీసు వరండాలో బాలమణి నిలబడి ఉంది. నన్ను చూసి రెండు చేతులూ జోడించింది.

“టీసీ కోసం వచ్చిన మేడం. ఊళ్ళె బడిల ఏస్తున్నం. ఆడికి పోయినంక కడుపునొప్పి లేదు, ఏం లేదు. బువ్వ మంచిగ తింటున్నదట. మీరు చెప్పింది నిజమే. మీరు గట్టిగ చెప్పకుంటే నా బిడ్డ ఏమైపోవునో.”

నాకు దండం పెడుతోంది. లోపల బల్ల దగ్గర హెడ్ మేడం కలం ఆపి నావైపు చూస్తున్నారు. ఊరుకుంటే చాలు. ఊరుకుంటే టీసీ మీద సంతకం పడుతుంది, బాలమణి నన్ను జీవితాంతం దేవతలా తలుచుకుంటుంది. శ్రావణి ఏ ప్రశ్నకీ నా తరగతిలో చెయ్యెత్తదు.

“బిడ్డ లేకుండా ఉండగలవా అమ్మా?” అన్నాను, ఏమనాలో తెలియక.

“ఫోన్ల ఏడుస్తది మేడం. నేను గూడ ఏడుస్త. ఏం జేస్తం, పానం ముఖ్యం గద.”

అప్పుడు చెప్పాను. వరసగా కాదు. ముందు సంపు గురించి, తరవాత గుండిగ గురించి, మధ్యలో నా జబ్బు గురించి. ఆమెకి ఏమీ అర్థం కాలేదు.

“మల్లొక్కపారి చెప్పుండ్రి మేడం.”

“మీ ఇంటి నీళ్ళు కాదమ్మా. మా బడి నీళ్ళే. కాచాం, కానీ వాటిలో పచ్చినీళ్ళు కలిపాం. కలపమన్నది నేనే.”

బాలమణి పగిలిన వేళ్ళతో కొంగు చివర మడతపెడుతూ విప్పుతూ ఉంది.

“మీరు చెప్పినప్పటి సంది రోజు కాసిన మేడం. గ్యాస్ ఒడుస్తదని మా ఆయన లొల్లి పెట్టిండు. అయినా కాసిన. ఎంత కాసినా బిడ్డకు తగ్గకపోతే, నా చేతులనే ఏదో ఉన్నదనుకున్న. అందుకే పంపిన.”

“తెలుసమ్మా.”

“తెల్వదు మేడం. మీకు తెల్వదు.” గొంతు పెరగలేదు. “గేటు కాడ అందరి ముంగట అన్నరు. ఇప్పుడు ఒక్కదాన్నే ఉన్నప్పుడు చెప్తున్నరు.”

ఆఫీసు గదిలో బల్ల వైపు చూపించింది.

“టీసీ రాయిపియ్యాల్నా, వద్దా? అదీ మీరే చెప్పుండ్రి. అప్పుడు గూడ మీరు చెప్తెనే పంపిన.”

“వద్దు. తీసుకొచ్చెయ్యి. ఇకమీద నీళ్ళు నేనే చూస్తాను. ముందు నేను తాగి, ఆ తరవాతే పిల్లలకిస్తాను.”

“ముందు గూడ మీరు తాగిన్రు గద మేడం,” అంది బాలమణి.

వెటకారం కాదది. ఉన్నమాటే అంది. ఆమె టీసీ తీసుకోలేదు, పిల్లని తెస్తాననీ చెప్పలేదు. వెళ్ళిపోయింది.

శనివారం తల్లిదండ్రుల మీటింగు పెట్టించాను. హెడ్ మేడం మొదట వద్దన్నారు, తరవాత ఆవిడే మైకు తెప్పించారు. గేటు దగ్గర, ఆ అక్షరాల కిందే నిలబడి మొత్తం చెప్పాను. బాలమణి మీద వేసిన నింద కూడా పేరుపెట్టి వెనక్కి తీసుకున్నాను. ఒకాయన “ఇంత చదువుకుని ఇదేం పని మేడం” అని అరిచాడు. ఒకావిడ నవ్వు ఆపుకోలేక, “మేం గూడ గట్లనే కలుపుతం మేడం,” అంది. దాంతో చాలా తలలు ఊగాయి. ఇద్దరు పిల్లల్ని వాళ్ళ వాళ్ళు తీసేశారు. మిగతా అందరికీ పరీక్షలు చేయిస్తే చాలామందిలో నా కడుపులో ఉన్నదే దొరికింది. అందరికీ మందులు పడ్డాయి. బాలమణి ఆ రోజు వచ్చింది. చివర్లో నిలబడి విని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళింది.

ఇప్పుడు

యాదమ్మ ఇంట్లో చేసినట్టే ఇప్పుడు బడిలోనూ చేస్తున్నాం. సాయంత్రం బడి వదిలాక గుండిగ బాగా తెర్లేదాకా కాచి, కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ముల్లో పోసి మూత పెడుతుంది. పొద్దుటికి చల్లారుతాయి. ఎవరూ గ్లాసు ముంచరు, వేలు అసలే ముంచరు. పక్కనే సబ్బు పెట్టాం. అది వారానికోసారి మాయమవుతుంది, మళ్ళీ పెడుతున్నాం. చేయాల్సింది ఇంత చిన్నపని. ఇది తెలియడానికి నాకు నాలుగు నెలలు, ఇంతమంది పిల్లల కడుపులు కావలసివచ్చాయి.

నాకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. కడుపులో చిన్న చప్పుడైతే ఉలిక్కిపడతాను. ఎవరింటికైనా వెళ్ళి గ్లాసు అందుకుంటే, ఇవి కాచినవా, కలిపినవా అని అడగాలా వద్దా అని అయోమయం. అడిగితే అవమానం, అడక్కపోతే భయం. సగంసార్లు అడుగుతాను, సగంసార్లు దాహం లేదంటాను.

సెలవుల తరవాత మూడో రోజున శ్రావణి వచ్చింది. నూనె రాసి బిగించిన రెండు జడలు, కాస్త బుగ్గలు. పరీక్ష చేయించి మందులు కూడా వేయించారట. ప్రార్థన అవగానే నా దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

“టీచర్, ఇయ్యాల నీళ్ళు మంచియేనా? మా అమ్మ రోజు మిమ్మల్ని అడిగినంకనే తాగమన్నది.”

నేను ఊ అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఆగి, షెడ్డులోకి వెళ్ళి మూతలు చూసి, యాదమ్మని అడిగి, వచ్చి చెప్పాను.

అప్పట్నుంచి రోజూ అడుగుతుంది. వానొచ్చినా, పరీక్షలున్నా, నాకు క్లాసుకి ఆలస్యమైనా. నిన్న కూడా అడిగింది.

“ఉండమ్మా,” అన్నాను, “చూసొచ్చి చెప్తాను.”